వసంత దుంపపూల తోట: ఏడాది ముందే మొదలయ్యే ప్రణాళిక

చలికాలానికి ముందు నేలలో దుంపలు నాటి, చలి తగ్గుముఖం పట్టగానే పూయించే తోటను వసంత దుంపపూల తోట అంటారు. తులిప్, డాఫొడిల్, హయసింత్, క్రోకస్, స్నోడ్రాప్, మస్కారి ఇందులో ముఖ్యమైనవి. ఉత్తరార్ధగోళంలోని చలి దేశాల్లో వీటిని సెప్టెంబరు, డిసెంబరు నెలల మధ్య నాటుతారు. జనవరి చివరి నుంచి జూన్ దాకా ఒకదాని తరవాత ఒకటి పూస్తాయి. బంతి, చామంతి మడిలో నారు చచ్చిపోతే వారంలో మళ్లీ నాటుకోవచ్చు. దుంపల తోటలో ఆ వెసులుబాటు లేదు. మార్చిలో కంటపడిన ఖాళీని పూడ్చడానికి అక్టోబరు దాకా ఆగాలి, ఫలితం చూడటానికి మరో మార్చి రావాలి. పైగా పువ్వు దుంపలో రూపు కట్టేది పూసే ఋతువులో కాదు, అంతకుముందు ఏడాదిలో. అందుకే ఈ తోటపనిలో పెద్ద భాగం ముందుచూపే.

దుంప నిర్మాణం

బజారులో అన్నింటినీ దుంపలనే అమ్మినా వృక్షశాస్త్రం వీటిని వేరువేరుగా చూస్తుంది. తులిప్, డాఫొడిల్, హయసింత్, స్నోడ్రాప్, అల్లియం లశునాలు. క్రోకస్‌ది కందం: పొరలు లేని గట్టి కాండం, ఏటా పాతది ఎండిపోయి దాని నెత్తిన కొత్తది ఊరుతుంది. అనిమోన్ బ్లాండా, వింటర్ అకొనైట్ దుంపకాండాల నుంచి మొలుస్తాయి. రూపం ఏదైనా పని ఒకటే, అననుకూల కాలాన్ని నేలలో దాగి గడపడం.

అక్టోబరులో తులిప్ దుంపను నిలువుగా కోస్తే ఉల్లిగడ్డను కోసినట్టే పొరలు కనిపిస్తాయి. వెలుపల గోధుమరంగు పలుచని పొట్టు ఉంటుంది. లోపల పాలరంగు మందపాటి పొరలు. ఇవి రూపు మారిన ఆకులు, పిండిపదార్థమంతా వీటిలోనే నిల్వ ఉంటుంది. అడుగున గుండ్రంగా, గట్టిగా ఉన్న చిన్న భాగమే అసలు కాండం. దాని అంచు చుట్టూ వేళ్లు పుడతాయి. నడిమధ్యన లేత పసుపురంగు మొలక ఉంటుంది. దాన్ని సూదితో విప్పి భూతద్దంలో చూస్తే, ముడుచుకున్న ఆకుల మధ్య ఆరు రేకులు, ఆరు కేసరాలు, మూడు పాయల అండకోశం అప్పటికే ఏర్పడి ఉంటాయి. పొరల మొదళ్లలో వచ్చే ఏటి పిల్లదుంపలు కూడా మొదలై ఉంటాయి.

దీన్నిబట్టి రెండు విషయాలు తేలతాయి. మొదటిది, దుంప కొన్నవారు మొదటి ఏడాది పువ్వును దుంపతోపాటే కొనుక్కున్నట్టు. దాన్ని చెడగొట్టకుండా బయటికి రప్పించడమే వారి పని. రెండోది, రెండో ఏడాది పువ్వు మాత్రం వారి తోటలోనే తయారు కావాలి. డాఫొడిల్‌లో వచ్చే ఏటి పూమొగ్గ వసంతం చివర్లోనే, ఆకులు ఇంకా పచ్చగా ఉండగానే రూపు కట్టడం మొదలవుతుంది. తులిప్‌లో ఆకులు ఎండిపోయాక వేసవిలో, సుమారు 17 నుంచి 20 డిగ్రీల వేడిలో ఆ పని జరుగుతుంది. వేసవి తడిగా, చల్లగా గడిచే చోట తులిప్ మరుసటి ఏడాది ఒంటి ఆకుతో సరిపెట్టుకోవడం సాధారణం.

పుట్టిన నేలలు

అడవి తులిప్‌లు ఎక్కువగా కనిపించేది మధ్య ఆసియాలోని తియాన్ షాన్, పామీర్ పర్వతసానువుల్లో. అక్కడి నుంచి ఇరాన్, టర్కీల దాకా వ్యాపించాయి. నెలల తరబడి గడ్డకట్టే చలి, మంచు కరిగాక రెండు మూడు నెలల తడి, ఆ వెనక చినుకు పడని వేసవి: ఇదీ అక్కడి వాతావరణం. ఆ కాస్త వ్యవధిలోనే మొక్క ఆకు వేసి, పూసి, గింజ కట్టి మళ్లీ నేలలోకి వెళ్లిపోతుంది. హయసింత్ టర్కీ దక్షిణ భాగం, సిరియా, లెబనాన్ ప్రాంతాలది. డాఫొడిల్ జాతుల్లో అత్యధికం స్పెయిన్, పోర్చుగల్ దేశాలవి. స్నోడ్రాప్‌లు ఐరోపా నుంచి కాకసస్ దాకా ఆకురాల్చే అడవుల నీడలో పెరుగుతాయి.

తోటకు వచ్చినా ఇవి పుట్టింటి అలవాట్లు మానవు. తులిప్‌కు ఎండ, నీరు నిలవని నేల, పొడి వేసవి కావాలి. వేసవిలో రోజూ నీళ్లు పారే పచ్చిక పక్కన నాటితే దుంప కుళ్లుతుంది. స్నోడ్రాప్ మరీ ఎండిన నేలను ఓర్చుకోదు. స్నేక్స్ హెడ్ ఫ్రిటిల్లరీ, కమాసియా చెమ్మగా ఉండే పచ్చికను ఇష్టపడతాయి. కాబట్టి స్థలం ఎంచుకునేటప్పుడు అది వసంతంలో ఎలా ఉంటుందన్నదానికన్నా వేసవిలో ఎలా ఉంటుందన్నదే ముందు చూడాలి. ఆకురాల్చే చెట్ల కింది చోటు చాలా దుంపలకు పనికొస్తుంది. చెట్టుకు ఆకు పట్టేలోగానే వాటి ఎండ అవసరం చాలామటుకు తీరిపోతుంది.

చరిత్రలో దుంపల తోట

తులిప్‌ను తోటమొక్కగా ప్రేమగా పెంచినవారిలో ఒట్టోమన్ తురుష్కులు ప్రముఖులు. సుల్తాన్ మూడో అహ్మద్ కాలంలో 1718 నుంచి 1730 వరకు సాగిన దశను టర్కీ చరిత్రలో తులిప్ యుగంగానే పిలుస్తారు. భారతదేశంలో జహంగీర్ 1620లో వసంతకాలపు కాశ్మీర్‌ను చూశాడు. ఆస్థాన చిత్రకారుడు ఉస్తాద్ మన్సూర్ గీసిన ఎర్ర తులిప్ చిత్రం అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉంది.

పశ్చిమ ఐరోపాలో ఈ తోటకు పునాది వేసినవాడు వృక్షశాస్త్రజ్ఞుడు కరోలస్ క్లూసియస్. 1593లో ఆయన నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయ ఉద్యానానికి బాధ్యుడిగా వచ్చి తులిప్ దుంపలు నాటించాడు. 1594లో అవి పూశాయి. నలభై ఏళ్ల తరవాత దుంపల ధరలను ఆకాశానికెత్తిన తులిప్ వ్యామోహానికి కూడా దుంప కాలెండరుతో సంబంధం ఉంది. దుంపను నేలలోంచి తీసి చేతులు మార్చగలిగేది వేసవిలోనే. తక్కిన కాలమంతా అది మట్టిలోనే ఉండాలి. అందువల్ల 1636–37 చలికాలంలో బేరాలు కంటికి కనిపించని దుంపల మీద, వేసవిలో అప్పగిస్తామన్న కాగితాల మీద సాగాయి. 1637 ఫిబ్రవరిలో ధరలు కుప్పకూలాయి. అప్పట్లో అత్యంత ఖరీదు పలికిన చారల పూలకు కారణం ఒక వైరస్ అని ఇంగ్లండ్‌లోని జాన్ ఇన్స్ సంస్థలో పనిచేసిన డొరతీ కేలీ 1920ల చివర్లో తేల్చింది. పేనుబంక పురుగులు దాన్ని వ్యాపింపజేస్తాయి. ఆ వైరస్ సోకిన దుంప ఏటికేడాది క్షీణిస్తుంది. నేడు అమ్మే చారల తులిప్‌లలో చాలామటుకు వైరస్‌తో నిమిత్తం లేనివి, ఆ చారలు జన్యుపరంగా వచ్చినవి.

రెండో ప్రపంచయుద్ధంలో, 1944–45 కరవు చలికాలంలో, డచ్చివారు తులిప్ దుంపలను తిని ప్రాణం నిలుపుకున్నారు. యుద్ధకాలంలో ఆ దేశపు రాజకుమారి జూలియానా కెనడాలో తలదాచుకుంది. ఆ కృతజ్ఞతతో 1945లో నెదర్లాండ్స్ లక్ష దుంపలు పంపింది. ఒట్టావాలో ఏటా మే నెలలో జరిగే తులిప్ ఉత్సవానికి మూలం అదే. నెదర్లాండ్స్‌లోని లిస్సె పట్టణం దగ్గర 1949లో దుంపల వ్యాపారులు తలపెట్టిన క్యూకెన్‌హాఫ్ ఉద్యానం 1950లో ప్రజలకు తెరుచుకుంది. 32 హెక్టార్ల ఈ తోటలో ఏటా శరత్తులో సుమారు 70 లక్షల దుంపలు నాటుతారు. తోట తెరిచి ఉండేది మాత్రం మార్చి నడుమ నుంచి మే నడుమ దాకా ఎనిమిది వారాలే.

చలి లెక్క

తులిప్, డాఫొడిల్ దుంపలకు సుమారు 12 నుంచి 16 వారాలు, హయసింత్, క్రోకస్‌లకు 10 నుంచి 14 వారాలు 9 డిగ్రీల సెల్సియస్‌కు లోబడిన చలి కావాలి. 4 నుంచి 7 డిగ్రీల మధ్య ఉంటే మరీ మంచిది. ఈ చలి పువ్వును పుట్టించదు, అది చలికి ముందే పుట్టింది. చలిలో దుంపలోని పిండిపదార్థం చక్కెరలుగా మారుతుంది, కాడ సాగడానికి అవసరమైన హార్మోన్లకు మొక్క స్పందించేలా తయారవుతుంది. చలి చాలని తులిప్ కాడ సాగక నేలకు అంటుకున్నట్టే పూస్తుంది, లేదా మొగ్గ లోపలే ఎండిపోతుంది. వసంతంలో పొట్టికాడల పూలు కనిపిస్తే తోటమాలులు ముందుగా అనుమానించేది చలి లోపాన్నే.

గడ్డకట్టే నేలలో వేళ్లు పెరగవు కాబట్టి చలికీ ఒక క్రమం ఉంది. ముందు వేళ్లు పాకడానికి చల్లని తడినేల, ఆపై గట్టి చలి. 15 సెంటీమీటర్ల లోతులో నేల వేడి 13 డిగ్రీల కిందికి దిగాక నాటి, నేల గడ్డకట్టడానికి కనీసం ఆరు వారాల వ్యవధి ఉండేలా చూసుకోవాలి.

ఏడాది కాలెండరు

ఏప్రిల్, మే: ప్రణాళిక మొదలు కావలసింది పూలు ఎదురుగా ఉన్నప్పుడే. ఏ చోట ఖాళీగా ఉంది, ఏ రంగు పక్క రంగును చంపుతోంది, ఏ రెండు రకాల పూతకు మధ్య విరామం వచ్చింది అన్నవి ఫొటోలు తీసి, పటం గీసి పెట్టుకోవాలి. అక్టోబరులో నేల నున్నగా ఉంటుంది, ఏ దుంప ఎక్కడుందో తెలియక పలుగు పోటు పాతవాటికి తగులుతుంది. మస్కారి ఆకులు శరత్తులోనే పైకి వస్తాయి. కొందరు ఇతర దుంపల గుంపుల అంచున వీటిని గుర్తుగా నాటుకోవడం అందుకే.

జూన్, ఆగస్టు మధ్య: డచ్చి పొలాల్లో దుంపలు తవ్వి, ఆరబెట్టి, పరిమాణం ప్రకారం వేరుచేసే కాలమిది. వ్యాపారుల జాబితాలు అప్పుడే వస్తాయి. కొత్త రకాలు, పెద్ద దుంపలు త్వరగా అయిపోతాయి గనక ఆర్డరు వేసవిలోనే పెట్టాలి. ఆలస్యమైతే చౌకగా దొరకవచ్చు గానీ అప్పటికి మిగిలేవి చిన్నవే.

సెప్టెంబరు, డిసెంబరు మధ్య: నాటే కాలం. బ్రిటన్‌లో డాఫొడిల్, క్రోకస్ సెప్టెంబరులో, తులిప్ నవంబరులో నాటుతారు. తులిప్‌ను ఆలస్యం చేయడానికి కారణం నేలలోని బూజు తెగులు చలికి అణగడం. అమెరికాలో మిన్నెసోటా వంటి ఉత్తర రాష్ట్రాల్లో సెప్టెంబరు, అక్టోబరు, న్యూజెర్సీలో అక్టోబరు, నవంబరు, అట్లాంటా చుట్టుపక్కల నవంబరు, డిసెంబరు ఆరంభం అనుకూలం. ఆస్ట్రేలియాలో ఋతువులు తిరగబడతాయి. అక్కడ ఏప్రిల్, మే నెలల్లో నాటితే సెప్టెంబరులో పూస్తాయి. కాన్‌బెర్రాలో 1988 నుంచి జరుగుతున్న ఫ్లోరియేడ్ ఉత్సవం ఆ లెక్కనే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వస్తుంది.

పూత క్రమం

ఒక్క రకమే నాటితే పూత రెండు మూడు వారాల్లో ముగుస్తుంది. వంతులవారీగా రకాలు కలిపితే తోట నాలుగైదు నెలలు నిలుస్తుంది. బ్రిటన్, నెదర్లాండ్స్ వాతావరణంలో క్రమం ఇలా ఉంటుంది:

జనవరి చివరి నుంచి ఫిబ్రవరి: స్నోడ్రాప్, వింటర్ అకొనైట్.
ఫిబ్రవరి, మార్చి: క్రోకస్, పొట్టి ఐరిస్ రెటిక్యులేటా.
మార్చి: టెట్-ఎ-టెట్ వంటి పొట్టి డాఫొడిల్‌లు, సిల్లా, కియనొడోక్సా.
మార్చి చివర, ఏప్రిల్: పెద్ద డాఫొడిల్‌లు, హయసింత్, మస్కారి, కాఫ్‌మానియానా, ఫోస్టెరియానా తులిప్‌లు.
ఏప్రిల్ చివర, మే: ట్రయంఫ్, డార్విన్ హైబ్రిడ్ తులిప్‌లు, వాటి వెనక పారట్, సింగిల్ లేట్ రకాలు.
మే చివర, జూన్: అల్లియం.

తులిప్ వర్గీకరణకు నెదర్లాండ్స్‌లోని ఒక సంస్థ, డాఫొడిల్ వర్గీకరణకు బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ అంతర్జాతీయ రిజిస్టర్లు నిర్వహిస్తున్నాయి. డాఫొడిల్‌లకు 13 వర్గాలున్నాయి. జాబితాలో తులిప్ పేరు పక్కన ఉండే వర్గం పేరును చదవడం అలవాటు చేసుకుంటే అది ముందు పూసేదా వెనక పూసేదా అన్నది అక్కడే తెలిసిపోతుంది. నల్లగా కనిపించే క్వీన్ ఆఫ్ నైట్ సింగిల్ లేట్ వర్గానిది. దాన్ని తొలివసంతపు పసుపు డాఫొడిల్‌తో జతకట్టాలనుకుంటే బొమ్మలో కుదురుతుంది గానీ మడిలో కుదరదు. ఒకటి పూసేసరికి రెండోది వాడిపోయి ఉంటుంది.

దుంపల ఎంపిక

దుంప పరిమాణాన్ని దాని చుట్టుకొలతతో, సెంటీమీటర్లలో చెబుతారు. తులిప్‌లో 12, అంతకు పైబడినవి మేలైనవి. క్రోకస్‌కు 9 లేదా 10 చాలా పెద్ద పరిమాణమే. మడిలో నాటే హయసింత్‌కు మాత్రం మధ్యరకం దుంపే మంచిది. అన్నిటికన్నా పెద్దది నాటితే పూలగుత్తి బరువుకు గాలివానలో కాడ వాలిపోతుంది. చేతిలోకి తీసుకుంటే దుంప గట్టిగా, బరువుగా ఉండాలి. పొట్టు ఊడినంత మాత్రాన చెడ్డది కాదు. మెత్తబడినా, అడుగున బూజు ఉన్నా, పుల్లని వాసన వేసినా పక్కన పెట్టాలి.

ఎన్ని కావాలన్నది చదరపు మీటరుకు లెక్కించుకోవాలి. మడి నిండుగా కనిపించాలంటే తులిప్‌లు చదరపు మీటరుకు 50 నుంచి 60 పడతాయి. మీటరు వెడల్పు, మూడు మీటర్ల పొడవున్న మడికి 150 నుంచి 180 అన్నమాట. అంత కొనలేనప్పుడు పది పన్నెండు చొప్పున గుంపులుగా నాటడం మేలు. ఒక్కో దుంపను వరుసలో దూరదూరంగా నాటితే తోట బోసిగా కనిపిస్తుంది. స్నోడ్రాప్ జాతులు అంతరించే ప్రమాదమున్న మొక్కల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం కింద ఉన్నాయి. అడవిలో తవ్వినవి కాక నర్సరీలో పెంచినవేనని తెలిసిన చోటే కొనాలి.

తెచ్చిన దుంపలను నాటేదాకా గాలి ఆడే కాగితం సంచిలో, చల్లని పొడిచోట ఉంచాలి. యాపిల్ వంటి మాగే పండ్ల దగ్గర ఉంచకూడదు. వాటి నుంచి వెలువడే ఇథిలీన్ వాయువు దుంపలోని మొగ్గను చంపేస్తుంది. పైకి దుంప నిక్షేపంగానే ఉంటుంది, వసంతంలో ఆకులు మాత్రమే వస్తాయి.

నాటే పద్ధతి

లోతుకు స్థూలమైన సూత్రం దుంప ఎత్తుకు మూడింతలు. క్రోకస్, మస్కారి 7 నుంచి 10 సెంటీమీటర్లు, డాఫొడిల్, హయసింత్ సుమారు 15, తులిప్ 15 నుంచి 20, క్రౌన్ ఇంపీరియల్ అనే పెద్ద ఫ్రిటిల్లేరియా 20 నుంచి 30 సెంటీమీటర్ల లోతులో నాటుతారు. ఎడం దుంప వెడల్పుకు రెండు మూడింతలు. మొన పైకి, వేళ్ల వైపు కిందికి ఉండాలి. అనిమోన్ దుంపలో పైకీ కిందికీ తేడా తెలియదు గనక రాత్రంతా నీళ్లలో నానబెట్టి పక్కకు పడుకోబెట్టి నాటినా మొలుస్తుంది.

బంకమట్టి అయితే ముతక ఇసుక, బాగా చివికిన ఎరువు కలిపి మడిని కాస్త ఎత్తు చేయాలి. పచ్చి పశువుల ఎరువు దుంపకు తగలకూడదు. నాటాక ఒకసారి బాగా తడపాలి. ఆ తడితోనే వేళ్లు కదులుతాయి. చలికాలంలో మళ్లీ నీళ్లు పెట్టే పని సాధారణంగా ఉండదు.

చోటు తక్కువైనవారికి డచ్చివారు వాడే అంతస్తుల పద్ధతి ఉంది. లోతైన కుండీలో అడుగున వెనక పూసే తులిప్‌లు, వాటిపై మట్టి, నడుమ డాఫొడిల్ లేదా ముందు పూసే తులిప్‌లు, మళ్లీ మట్టి, పైన క్రోకస్ లేదా మస్కారి. కింది మొలకలు పై దుంపలను తప్పించుకుని పక్కల నుంచి వస్తాయి. కుండీ మట్టి నాలుగువైపుల నుంచీ గడ్డకడుతుంది కాబట్టి తీవ్రమైన చలి ప్రాంతాల్లో కుండీలను గోడవారగా చేర్చి కప్పాలి.

పూత తరవాత

వాడిన పూలను గింజ కట్టకముందే తుంచాలి, ఆకులను మాత్రం ముట్టుకోకూడదు. వచ్చే ఏటి దుంపకు ఆహారం అవే. డాఫొడిల్ పూత ముగిశాక కనీసం ఆరు వారాలు ఆకులను కోయకూడదు. చూడ్డానికి బాగాలేవని ముడి వేయడం, జడ అల్లడం కూడా ఎండ తగలకుండా చేయడమే. హోస్టా, డేలిల్లీ వంటి మొక్కలను మధ్యన నాటితే వాటి కొత్త ఆకులు ఈ పండిన ఆకులను కప్పేస్తాయి. నెదర్లాండ్స్ పొలాల్లో తులిప్‌లు విచ్చి కొద్దిరోజులైనా కాకముందే యంత్రాలతో తలలు నరికేయడం చూసి సందర్శకులు విస్తుపోతారు. అక్కడ పంట పువ్వు కాదు, దుంప. రోగం సోకినవాటిని, వేరే రకం కలిసినవాటిని పువ్వు చూసి గుర్తించి తీసేశాక పువ్వుతో పని లేదు.

డాఫొడిల్, స్నోడ్రాప్, క్రోకస్, మస్కారి ఏటేటా పిల్లలు పెట్టి గుంపులవుతాయి. నాలుగైదేళ్లకు పూత తగ్గితే ఆకులు ఎండాక తవ్వి విడదీసి నాటాలి. సంకర తులిప్‌లలో అపెల్‌డోర్న్ వంటి డార్విన్ హైబ్రిడ్‌లు కొన్నేళ్లు నిలుస్తాయి, తక్కినవి రెండో ఏటికే నీరసిస్తాయి. అందుకే ప్రజా ఉద్యానాలు తులిప్‌లను ఏటా కొత్తగా నాటుతాయి. ఇంటి తోటకు ఖర్చు లెక్క వేసుకునేటప్పుడు డాఫొడిల్‌ను పెట్టుబడిగా, తులిప్‌ను ఏటేటి ఖర్చుగా చూడటం సమంజసం.

తెగుళ్లు, జంతువులు, జాగ్రత్తలు

తులిప్ ఫైర్ అనే బూజు తెగులు వస్తే ఆకులు మెలికలు తిరిగి, కాలినట్టు మచ్చలు పడతాయి. ఆ మొక్కలను తీసేసి, అదే చోట కనీసం మూడేళ్లు తులిప్ నాటకూడదు. ఫ్యుజేరియం శిలీంధ్రం దుంప అడుగును కుళ్లబెడుతుంది. డాఫొడిల్‌లను నాశనం చేసే నులిపురుగుకు వేడినీటి చికిత్సను ఇంగ్లండ్‌లో జేమ్స్ కిర్కమ్ రామ్స్‌బాటమ్ 1917 ప్రాంతంలో రూపొందించాడు. దుంపల వ్యాపారాన్ని నిలబెట్టిన ఆ పద్ధతి నేటికీ వాడుకలో ఉంది.

ఉడతలకు తులిప్, క్రోకస్ దుంపలు ఇష్టం. నాటిన చోట కోళ్లగూడు జాలీ పరిచి మట్టి కప్పితే తవ్వలేవు, మొలకలు మాత్రం సందుల్లోంచి వస్తాయి. డాఫొడిల్‌లో లైకోరిన్ అనే విషం ఉండటంతో ఉడతలు, జింకలు దాని జోలికి రావు. అదే విషం మనుషులకూ ప్రమాదం. ఉల్లిగడ్డలనుకుని వండుకునే అవకాశం ఉందని 2015లో పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ సంస్థ, డాఫొడిల్‌లను కూరగాయలకు దూరంగా పెట్టాలని దుకాణాలను కోరింది. ఇంట్లో ఫ్రిజ్‌లో దుంపలు ఉంచేవారు సంచిమీద పేరు రాసిపెట్టడం తప్పనిసరి. హయసింత్ దుంపలు చర్మానికి దురద పుట్టిస్తాయి, చేతి తొడుగులు వేసుకోవాలి. స్నోడ్రాప్, డాఫొడిల్‌లలో ఉండే గాలంటమైన్ అనే పదార్థం అల్జీమర్స్ చికిత్సలో మందుగా వాడుకలో ఉంది.

వెచ్చని చోట్ల ప్రణాళిక

టెక్సస్‌లో, కాలిఫోర్నియా తీరంలో చలి చాలదు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు పెరట్లో తులిప్ పూయించాలంటే సెప్టెంబరు చివరికల్లా దుంపలు తెప్పించి, పండ్లు పెట్టని ఫ్రిజ్‌లో 12 నుంచి 14 వారాలు ఉంచి, డిసెంబరు నడుమ నుంచి జనవరి మొదటి వరకు నాటుకోవాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే నాటాలి. బయట వెచ్చగా రోజులు గడిస్తే అప్పటిదాకా పట్టిన చలి ఫలితం తగ్గుతుంది. పూశాక ఆ దుంపల మీద ఆశ పెట్టుకోనక్కరలేదు. డాలస్ ఆర్బొరేటమ్‌లో వసంతపు ప్రదర్శనకు ఏటా దాదాపు ఐదు లక్షల దుంపలు ఇలాగే కొత్తగా నాటుతారు. చలి లెక్క లేకుండా పూసేది కావాలనుకుంటే పేపర్‌వైట్ అనే తెల్లని గుత్తుల నార్సిసస్ ఉంది. సియాటిల్ వైపు ఉన్నవారికి ఈ బెడద లేదు. అక్కడి స్కాగిట్ లోయలో ఏప్రిల్ నెలంతా తులిప్ పొలాల ఉత్సవం జరుగుతుంది.

భారతదేశంలో

శ్రీనగర్‌లో జబర్వన్ కొండల పాదాన, దాల్ సరస్సుకు ఎదురుగా 2007లో ఏర్పాటైన ఇందిరాగాంధీ స్మారక తులిప్ ఉద్యానం దేశంలో ఈ తరహా తోటల్లో అతి పెద్దది. సుమారు 30 హెక్టార్ల వాలు నేలను అంచెలంచెలుగా మలిచారు. శరత్తులో నాటడం మొదలుపెట్టి, మార్చి చివర్లో తోట తెరుస్తారు. పూత మూడు నాలుగు వారాల ముచ్చట. తెలుగు రాష్ట్రాల నుంచి తులిప్‌ల కోసమే వెళ్లేవారు ప్రయాణాన్ని ఏప్రిల్ మొదటి రెండు వారాల్లో పెట్టుకుంటే పూత దొరికే అవకాశం ఎక్కువ. మే సెలవుల్లో వెళ్తే తోట మూసి ఉంటుంది. కాశ్మీర్‌లోనే పాంపోర్ పొలాల్లో పండే కుంకుమపువ్వు కూడా క్రోకస్సే. కానీ అది వసంతంలో కాక శరత్తులో పూస్తుంది, దుంపలను వేసవి చివర్లో నాటాలి.

ఢిల్లీలో పురపాలక మండలి ఇటీవలి సంవత్సరాల్లో నెదర్లాండ్స్ నుంచి ముందే చలికి గురిచేసిన దుంపలు తెప్పించి డిసెంబరులో నాటుతోంది. ఫిబ్రవరిలో శాంతిపథ్ అంచుల్లో అవి పూస్తాయి. హిమాచల్ ప్రదేశ్‌లోని పాలంపూర్‌లో హిమాలయ జీవవనరుల సాంకేతిక సంస్థ దుంపలను దేశంలోనే పెంచే ప్రయత్నం చేస్తోంది. విదేశం నుంచి వస్తూ సంచిలో దుంపలు తెచ్చుకోవడానికి మాత్రం చట్టం ఒప్పుకోదు. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి.

తెలుగు నేలలో

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సహజంగా తులిప్ పెంచడం సాధ్యం కాదు. లంబసింగి వంటి మన్యం గ్రామాల్లో కొన్ని తెల్లవారుజాముల్లో ఉష్ణోగ్రత 5 డిగ్రీల దాకా దిగినా పగటి ఎండకు నేల మళ్లీ వేడెక్కుతుంది. వారాల తరబడి ఆగని చలి అక్కడా దొరకదు. హైదరాబాద్‌లో తులిప్ కావాలంటే చలికి గురిచేసిన దుంపను డిసెంబరు చివర్లో కుండీలో నాటి, నీడపట్టున ఒక్కసారి పూయించుకోవడమే మార్గం.

అయితే దుంపకు విశ్రాంతి చలి వల్లే రావాలని లేదు. మన నేలకు అలవాటుపడ్డ దుంపపూలు విశ్రాంతి తీసుకునేది పొడికాలంలో. ఎర్రని బాకా పూల అమరిలిస్ లిల్లీకి డిసెంబరు, జనవరి నెలల్లో నీళ్లు బాగా తగ్గించి, ఫిబ్రవరి చివర్లో మళ్లీ తడిపితే ఎండలు ముదిరేలోగా పూకాడ వేస్తుంది. ఫుట్‌బాల్ లిల్లీ చలికాలమంతా ఆకు లేకుండా నిద్రపోయి మే నెలలో పూస్తుంది. వానలిల్లీ తొలకరి జల్లుకే లేస్తుంది. నేలసంపెంగ దుంపలను రైతులు వేసవిలోగా నాటుకుంటారు. పూత ముగిశాక ఆకును ఉంచాలి, విశ్రాంతిలో తడి పెట్టకూడదు, పెద్ద దుంపలే ఎంచుకోవాలి అన్న నియమాలు వీటికీ వర్తిస్తాయి. మారేది కాలెండరు. అక్కడ అక్టోబరులో నాటి చలికి అప్పగించే పని, ఇక్కడ డిసెంబరులో నీళ్ల గొట్టం కట్టేయడంతో జరుగుతుంది.